మూడో మీట

గుణదల తిరునాళ్ల మొదటిరోజు మధ్యాహ్నం సంపూర్ణమ్మ చేసిన నిర్వాకం పోయినవారం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పుకుందాం.

విజయవాడ గవర్నరుపేటలో శుభలేఖలు వేసే పెద్దింట్లమ్మ ప్రింటర్స్‌లో సంపూర్ణమ్మది ఇరవై రెండేళ్ల ఉద్యోగం. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే రోజుల్లో చేరింది. కళ్లు మూసుకుని గడిలో చెయ్యి పెడితే కావలసిన అక్షరమే వేళ్లకు తగిలేది. కంప్యూటర్ వచ్చాక ఆ గడులన్నీ అటకెక్కాయి. ఆమె తిట్టుకుంటూనే కంప్యూటర్ నేర్చుకుంది, రెండు వేళ్లతో. ఎనిమిది నెలల కిందట కొండపల్లి నుంచి ఉష అనే ఇరవై నాలుగేళ్ల పిల్ల పనిలో చేరింది. ఆ పిల్ల పది వేళ్లతో కొడుతుంది, అదీ తెర వంక చూస్తూ, నవ్వుతూ.

అంతవరకు ఎలాగో ఓర్చుకుంది సంపూర్ణమ్మ. ఓర్చుకోలేకపోయింది లాక్ విషయంలో. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్‌తోపాటు కంపెనీవాళ్లు ఒక లాక్ ఇచ్చారు. అగ్గిపెట్టెంత ఉంటుంది. దాన్ని కంప్యూటర్ వెనకాల బిగిస్తేనే తెలుగు వస్తుంది, తీసేస్తే రాదు. పక్కవీధి ప్రెస్సులో ఎవరో దాన్ని ఎత్తుకుపోయిన దగ్గర్నుంచి, ప్రొప్రయిటర్ తిరుపతిరావు గారు రోజూ సాయంత్రం లాక్ ఊడదీయించి ఇంటికి పంపుతున్నారు. ఇరవై రెండేళ్లుగా ప్రెస్సు తాళాలు మోసిన సంపూర్ణమ్మతో కాదు, ఉషతో. ఆ పిల్ల దాన్ని చేతిరుమాల్లో చుట్టి, అన్నం డబ్బాల సంచిలో పెట్టుకుని రోజూ కొండపల్లి బస్సెక్కుతుంటే సంపూర్ణమ్మ కడుపు భగ్గుమనేది.

బుధవారం ఉష మొక్కు తీర్చుకోవడానికి గుణదల వెళుతూ, "రెండింటిదాకా కాస్త చూస్తూ ఉండండి పిన్నిగారూ" అని కుర్చీ అప్పగించి వెళ్లింది. తన ఇంట్లో తనను కాపలా పెట్టి పోయినట్టు అనిపించింది ఈవిడకు. సరిగ్గా అప్పుడే తెరమీదికి ఆ పాత గొడవ వచ్చింది. కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకుంటారా అని మూడు నెలలుగా రోజుకోసారి అడుగుతూనే ఉంది. కింద రెండే మీటలు. ఒకటి 'ఇప్పుడు', రెండోది 'తర్వాత'. 'వద్దు' అనే మీట లేదు. దాని జోలికి ఎవరూ పోవద్దని తిరుపతిరావు గారు చీటీ రాసి తెర అంచుకు అంటించారు కూడా. సంపూర్ణమ్మ ఆ చీటీ వంక చూసింది, ఖాళీగా ఉన్న ఉష కుర్చీ వంక చూసింది, 'ఇప్పుడు' నొక్కింది. ఏమవుతుందో ఆమెకు తెలియదు. ఏదో ఒకటి అవ్వాలని, అది ఆ పిల్ల నెత్తిన పడాలని మాత్రం అనుకుంది.

అయింది.

గురువారం పొద్దున్న తొమ్మిదిన్నరకు ఉష లాక్‌ను రుమాల్లోంచి తీసి పెద్దింట్లమ్మ పటం ముందు పెట్టింది. తిరుపతిరావు గారు దానికి కుంకుమబొట్టు పెట్టి అగరువత్తి తిప్పారు. కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. బొట్టు పెట్టనిదే కొత్త వలను నీళ్లలో దింపని ఇల్లు వాళ్లది. చేపల వ్యాపారం అన్నదమ్ములకు వదిలేసి ఈయన బెజవాడ వచ్చి ప్రెస్సు పెట్టాడు. వల పోయి కాలితో తొక్కి అచ్చువేసే ట్రెడిల్ మిషన్ వచ్చింది, ట్రెడిల్ పక్కకు జరిగి కంప్యూటర్ వచ్చింది. బొట్టు మాత్రం పోలేదు.

ఉష లాక్ బిగించి స్విచ్ వేసింది. తెర వెలిగింది. 'లాక్ కనబడలేదు' అని రాసింది. ఊడదీసి, ఊది, మళ్లీ బిగించింది. మళ్లీ అదే మాట.

పక్క బల్ల దగ్గర సంపూర్ణమ్మ ప్రూఫు మీదకు తల వంచుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు ముందు కలిగింది భయం కాదు, సంతోషం. మండే ఎండలో చల్లటి మజ్జిగ దిగినట్టు దిగింది గొంతులోకి. పది వేళ్లూ ఆడవేం ఇప్పుడు, అనుకుంది. ఆ తర్వాతే ఉష మొహం చూసింది. చెమట పట్టి ఉంది. అప్పుడు భయం వచ్చింది.

"సార్, లాక్ తీసుకోవట్లేదండీ" అంది ఉష.

తిరుపతిరావు గారికి చేతిలోని అగరువత్తి వేలికి తగిలి చురుక్కుమంది. "తీసుకోకపోవడమేంటమ్మా? కొండలయ్య గారి కార్డు ఇవాళ అవ్వాలి!"

ఆ కార్డు సంగతి ప్రెస్సులో అందరికీ తెలుసు. కైకలూరు చేపల వ్యాపారి కొండలయ్య గారి అమ్మాయి పెళ్లి. వాళ్ల వైపు ఆచారం ఒకటుంది. మొదటి శుభలేఖ కొల్లేటికోట పెద్దింట్లమ్మ పాదాల దగ్గర పెట్టాలి, అదీ శుక్రవారమే. అది పెట్టేదాకా చుట్టాల్లో ఒక్కరికి కూడా కార్డు ఇవ్వరు. రేపే శుక్రవారం. అది దాటితే మళ్లీ వారం ఆగాలి, ముహూర్తం ఆగదు. కొండలయ్య గారు పాతికేళ్ల స్నేహితుడు. పైగా మాఘమాసం, ఇంకో పద్నాలుగు పెళ్లిళ్ల కార్డులు ఆ పెట్టెలోనే ఉన్నాయి.

కంప్యూటర్లు బాగుచేసే జాన్‌బాబుకు ఫోన్ చేస్తే పదకొండింటికి వచ్చాడు. గుణదల మనిషి. తెల్లచొక్కా వేసుకుని, తిరునాళ్ల మధ్యలోంచి లాక్కొచ్చినందుకు మొహం ముడుచుకుని ఉన్నాడు.

"పండగపూట కూడా వదలరు గదండీ నన్ను" అంటూ లాక్‌ను చేతిలోకి తీసుకుని గతుక్కుమన్నాడు. "ఏంటండీ ఇది, దీనిక్కూడా బొట్టేనా? సూదుల్లోకి కుంకం దిగిపోయి ఎర్రగా ఉంది చూడండి!"

"అమ్మవారి బొట్టు వల్ల చెడిపోయిందంటావా?" అన్నారు తిరుపతిరావు గారు, కోపంగా మొదలుపెట్టి సగంలో అనుమానంగా మారుస్తూ.

జాన్‌బాబు పాత పళ్లబ్రష్షు తెప్పించుకుని కుంకుమంతా దులిపాడు. బిగించాడు. 'లాక్ కనబడలేదు.' మౌసు పట్టుకుని అక్కడా ఇక్కడా నొక్కి చూశాడు. పావుగంట గడిచింది. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలాడు.

"బొట్టు తప్పేం లేదండీ. ఎవరో అప్‌డేట్ వేశారు. పెట్టె ఆపి మళ్లీ వేసినప్పుడే అది పట్టుకుంటది. కొత్త వెర్షన్‌కి పాత లాక్ పనికిరాదు."

"పనికిరాకపోవడమేంటయ్యా? రెండూ కలిపే కొన్నాంగా! రసీదు ఉంది నా దగ్గర."

"రసీదు ఉంటదండీ. లాక్ మాత్రం కొత్తది కావాలి."

"అయితే ఆ వెర్షన్ తీసేసి పాతది పెట్టు."

"పోదండీ. వెనక్కెళ్లే దారి వాళ్లు పెట్టలేదు."

తిరుపతిరావు గారు లేచి నిలబడ్డారు. "నా ఇల్లు, నా తలుపు, నేను కొన్న తాళం. పొద్దున్నే ఎవడో వచ్చి తాళంకప్ప మార్చి, నీ చెవి ఇక పనికిరాదు, మా దగ్గర ఇంకోటి కొనుక్కో అంటే ఏమంటారయ్యా దాన్ని? మా లంకల్లో అయితే వాణ్ణి పట్టుకుని తాటిదోనెకి కట్టేస్తారు. ఇక్కడేమో అప్‌డేట్ అంటున్నారు!" అని అరిచి, అరిచినందుకు ఆయాసపడి, నీళ్లు తాగి, అప్పుడు అసలు ప్రశ్న అడిగారు. "ఎవరు నొక్కారు?"

సంపూర్ణమ్మ ప్రూఫులో ఒకే పేరును నాలుగోసారి దిద్దుతోంది.

"అది రాసుకుంటదండీ" అన్నాడు జాన్‌బాబు మామూలుగా. "ఏ తేదీ, ఎన్ని గంటలకి నొక్కారో అంతా లోపల ఉంటది. కంపెనీవాళ్లు కూడా అడుగుతారు. ప్రింటు తీసి ఉంచుదాం."

సంపూర్ణమ్మ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఎన్ని గంటలకి నొక్కారో కూడానా! నిన్న ఉష పన్నెండున్నరకు వెళ్లింది. రెండు దాటాక వచ్చింది. వెళ్లమన్నది తిరుపతిరావు గారే. నా తరఫున కూడా ఒక కొవ్వొత్తి వెలిగించమ్మా అని పంపారు. ఆయనకిక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. కాగితం మీద గంట చూస్తే చాలు.

ముందు పెద్ద ప్రింటర్‌కు ఇచ్చాడు జాన్‌బాబు. అది అచ్చు వేయలేదు. 'ఇందులో ఉన్న కార్ట్రిడ్జ్ మా కంపెనీది కాదు' అని దాని నెత్తిమీద ఎర్రదీపం వెలిగింది.

"నిన్నటిదాకా వేసిందిగా!" అన్నారు తిరుపతిరావు గారు.

"రీఫిల్ చేయించారు కదండీ. దానికీ కొత్త తెలివి వచ్చినట్టుంది."

ఆ ఆలస్యానికి సంపూర్ణమ్మ లోపల దణ్ణం పెట్టుకుంది. జన్మలో మొదటిసారి ఆ ప్రింటర్ మీద ప్రేమ పుట్టింది. కానీ మూలన బిల్లులు కొట్టే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఒకటి ఉంది, దానికి ఏ రంగు రిబ్బన్ వేసినా, ఎక్కడ కొన్నా అభ్యంతరం లేదు. జాన్‌బాబు తీగ మార్చి దానికి ఇచ్చాడు. అది కీచుమంటూ మొదలుపెట్టింది. ఎడమ నుంచి కుడికి ఒక వరుస, మళ్లీ కుడి నుంచి ఎడమకి ఒక వరుస, కాగితం కాస్త కాస్త పైకి లేస్తోంది.

అప్పుడే బయట బల్ల మీద ఫోన్ మోగింది. పొద్దుట్నుంచి మీ పిలుపు మాకెంతో ముఖ్యం అంటూ పాట వినిపించిన కంపెనీవాళ్లే. జాన్‌బాబు పరుగెత్తాడు. వాళ్లను తనే తిట్టాలని తిరుపతిరావు గారు వెనకాలే వెళ్లారు.

లోపల మిగిలింది ఇద్దరు ఆడవాళ్లూ, ఆ ప్రింటరూ.

ప్రింటర్ పక్కన ఉన్నది ఉష. అది ఆగగానే కాగితం చింపింది. చదివింది. చూపు ఒక వరుస దగ్గర ఆగింది. తల ఎత్తి సంపూర్ణమ్మను చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే సంపూర్ణమ్మకు సులువుగా ఉండేది. తిరిగి రెండు మాటలు అనొచ్చు. కానీ ఆ పిల్ల ఏదో లెక్క తేల్చుకుంటున్న మనిషిలా చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో దాచుకుంది.

"మళ్లీ పాటే పెట్టారు, ఉండమని" అని తిట్టుకుంటూ తిరుపతిరావు గారు లోపలికి వచ్చేసరికి ఉష ఎదురువెళ్లింది.

"సార్, నేనే నొక్కాను. నిన్న పొద్దున్న, వచ్చీ రాగానే. చీటీ చూసుకోలేదండీ."

తిరుపతిరావు గారు ఆ పిల్ల మొహంలోకి చూశారు. "కాగితంలో అదే ఉందా?"

"అదే ఉంది సార్."

అంతే. ఆయన కాగితం అడగలేదు. చెయ్యి చాపలేదు. ఆ పిల్ల చెప్పింది కాబట్టి అదే నిజం అనుకున్నారు. తప్పించుకున్న సంబరం ఇంకా గుండెదాకా రాకముందే సంపూర్ణమ్మకు ఒళ్లు మండిపోయింది. అదే తను చెప్పి ఉంటే? ఏది చూపించు అని అడిగేవారు. ఇరవై రెండేళ్ల తన మాటకు సాక్ష్యం కావాలి, ఎనిమిది నెలల దాని మాటకు అక్కర్లేదు. అబద్ధం చెప్పినా నమ్మే మొహం ఇచ్చాడు దేవుడు దానికి!

"ఇంటి తాళం లాంటిది నీ చేతిలో పెట్టానమ్మా" అన్నారు తిరుపతిరావు గారు. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. "నా కూతురు బుల్లెమ్మక్కూడా ఇవ్వలేదు. సరే, వెళ్లు. రేపట్నుంచి రావద్దు."

ఉష తల ఊపింది.

ఆయన గోడవైపు తిరిగి కాసేపు అమ్మవారి పటాన్ని చూశారు. తర్వాత అన్నారు. "సంపూర్ణమ్మా, అటక మీద పాత సీసం టైపు ఉందా?"

ఆ ప్రశ్న కోసం ఆమె ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తోంది. కలలో కూడా విన్నది. "ఉందండి బాబుగారూ. అన్ని గడులూ ఉన్నాయి. ఏటా దసరాకి నేనే తుడిచి పెడుతున్నా."

"కొండలయ్య గారి కార్డు చేత్తో కంపోజ్ చెయ్యగలవా? ట్రెడిల్ మీద వేద్దాం. మిగతావాటి సంగతి తర్వాత చూద్దాం."

"రెండు గంటలు చాలండి."

"నువ్వు ఉన్నావు కాబట్టి సరిపోయింది" అన్నారాయన. ఉష చేతిలోని లాక్ వంక చూపిస్తూ, "అది పనికొచ్చినా రాకపోయినా ఇక నుంచి సంపూర్ణమ్మ దగ్గరే ఉంటుంది" అని చెప్పి మళ్లీ ఫోన్ దగ్గరికి వెళ్లిపోయారు.

కావలసినవన్నీ ఒక్క పూటలో వచ్చాయి. అయినా నోట్లో చేదుగా ఉంది.

వెనకగదిలో ట్రెడిల్ మిషన్ పక్కన గడులు దించి దుమ్ము దులుపుతుంటే ఉష వచ్చింది. అన్నం సంచి భుజానికి తగిలించుకుని ఉంది. రుమాల్లో చుట్టిన లాక్ బల్ల మీద పెట్టింది. దాని పక్కన మడత పెట్టిన కాగితం పెట్టింది.

"ఇది మీరే చించేయండి పిన్నిగారూ. నాకెందుకు."

సంపూర్ణమ్మ తలుపు దగ్గరగా వేసింది. "ఎందుకు చెప్పావే అబద్ధం?"

"ఒంటిగంటా పన్నెండు అని ఉంది అందులో. అప్పటికి నేను కొండమెట్ల మీదున్నా. ఇక్కడ మీరు తప్ప ఎవరున్నారు?"

"అది నాకు తెలుసు. ఎందుకు చెప్పావని అడుగుతున్నా. నేను నిన్ను అడిగానా? కాళ్లు పట్టుకున్నానా? గొప్పదానివి అనిపించుకోవాలనా?"

"గొప్పేముంది పిన్నిగారూ ఇందులో" అంది ఉష. "కోపం రాలేదనుకోకండి. మీ జుట్టు పట్టుకుందామన్నంత కోపం వచ్చింది ఆ కాగితం చూడగానే. నేను మీకేం చేశానని? వచ్చిన రోజు నుంచీ పిన్నిగారూ పిన్నిగారూ అని తిరుగుతున్నాగా."

"మరి?"

ఉష సంచి భుజం మార్చుకుంది. చెప్పకుండా వెళ్లిపోయినా బాగుండేది.

"చిట్టిబాబు గారి కంప్యూటర్ టైపింగ్ సెంటర్ వాళ్లు పోయిన నెలే పిలిచారు నన్ను. రేపు పొద్దున్నే వెళ్తే కుర్చీ ఇస్తారు. కంప్యూటర్ వచ్చినదాన్ని, ఈ గవర్నరుపేటలో ఎక్కడైనా దొరుకుద్ది నాకు పని. మీకు దొరకదు పిన్నిగారూ. సార్ మిమ్మల్ని పొమ్మంటే ఎక్కడికెళ్తారు? రెండు వేళ్లతో కొట్టేవాళ్లని ఎవరు తీసుకుంటారు చెప్పండి?"

సంపూర్ణమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినా బాగుండేది. ఆ పిల్ల వెటకారంగా అనలేదు. తిట్టుగా అనలేదు. వర్షం వచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్లండి అని చెప్పినంత మామూలుగా చెప్పింది. అదే భరించలేకపోయింది ఈవిడ. లాక్ తీసుకుంది, కుర్చీ తీసుకుంది, బాబుగారి నమ్మకం తీసుకుంది. చివరికి నేను చేసిన తప్పు కూడా నాకు మిగల్చకుండా తీసుకుపోతోంది. పైగా జాలి పడుతోంది నామీద!

"నీ జాలి నాకేం అక్కర్లేదు, పో" అంది.

"వెళ్తున్నా. కొండలయ్య గారి కార్డులో పెళ్లికొడుకు పేరు నిన్న మార్పించారు. కొత్త చీటీ నా సొరుగులో ఉంది. చూసి పేర్చండి" అని చెప్పి ఉష వెళ్లిపోయింది. పోతూ కూడా పని చెప్పి పోయింది, అనుకుంది సంపూర్ణమ్మ.

కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. చించాలి. రెండు చేతులతో అంచులు పట్టుకుంది కూడా. అంతలోనే, ఆ పిల్ల చించమంటే నేను చించాలా అన్న మొండితనం వచ్చింది. దాన్ని నడుం దగ్గర చీరకుచ్చెళ్లలోకి దోపుకుంది. మనిషి ఎంత అసూయలో ఉంటే అంత తెలివితక్కువ పని చేస్తుంది, మన సంపూర్ణమ్మ అందుకు మినహాయింపేమీ కాదు.

సొరుగులో చీటీ తెచ్చుకుంది. పెళ్లికూతురు పద్మశ్రీ, పెళ్లికొడుకు శివాజీ. పంచె కట్టిన వినాయకుడి బ్లాకు పైన పెట్టింది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే కంపోజింగ్ స్టిక్ పట్టుకుని కుడిచెయ్యి గడుల్లోకి పోనిచ్చింది. ఎనిమిదేళ్లయినా వేళ్లు మరిచిపోలేదు. చూడకుండానే అక్షరాలు దొరుకుతున్నాయి, చల్లగా, బరువుగా. ఈ అక్షరాలు లాక్ అడగవు. వెర్షన్ మార్చుకోమని రోజూ ప్రాణం తీయవు. ఎవరు ముట్టుకున్నా పలుకుతాయి. అరగంటలో సగం కార్డు పేర్చింది. ఈ అరగంటా ఆమె హాయిగా ఉండవలసింది. కానీ నడుం దగ్గర ఆ మడత కదిలినప్పుడల్లా గుచ్చుకుంటోంది. ఉష ఇప్పటికి బస్టాండుకు చేరి ఉంటుంది. అన్నం తిని ఉండదు, డబ్బాలు బరువుగానే కనిపించాయి. ఛీ, దాని అన్నం సంగతి నాకెందుకు అని విదిలించుకుంది. అయినా మళ్లీ అదే ఆలోచన.

ముందుగదిలో జాన్‌బాబు కేక వినిపించింది.

"దొరికారండీ! లైన్లోకి వచ్చారు!"

సంపూర్ణమ్మ చెయ్యి గడిలోనే ఆగింది.

"వాళ్ల మనిషి ఇవాళ విశాఖ నుంచి రైల్లో వస్తున్నాడంట. నాలుగింటికి బెజవాడలో దిగుతాడు. కొత్త లాకులు అతని దగ్గరే ఉన్నాయి. పొరపాటున నొక్కితే మూడు రోజుల్లోపల ఊరికే మార్చి ఇస్తారంట. ఇందాక తీసిన కాగితం గంటలోపల ఫ్యాక్స్ చెయ్యమంటున్నారు. తేదీ, టైము వాళ్లు చూసుకోవాలంట."

"చెయ్యకపోతే?"

"మామూలుగా అర్జీ పెట్టుకోవాలండి. పదిహేను రోజులు."

"పదిహేను రోజులకి మాఘమాసం సగం అయిపోద్దయ్యా!" అన్నారు తిరుపతిరావు గారు. "పద్నాలుగు కార్డులు! అన్నీ చేత్తో పేర్చాలంటే సంపూర్ణమ్మ ఒక్కతే ఏం చేసుద్ది? కాగితం మళ్లీ తియ్యి."

"అదేనండీ వచ్చిన చిక్కు. ఇందాక నేను ఇంకోసారి ఎక్కించి చూశాగా, ఆ కొత్త వెర్షన్ పాతదంతా చెరిపేసి మళ్లీ ఒకటి నుంచి రాసుకుంటోంది. ఆ ఒక్క కాగితమే ఉంది."

అడుగుల చప్పుడు. సొరుగులు లాగుతున్న చప్పుడు. చెత్తబుట్ట బోర్లించిన చప్పుడు. సంపూర్ణమ్మ ఒక్కొక్కటే వింటూ నిలబడింది. వెతకడం అయిపోయాక తిరుపతిరావు గారి గొంతు మారింది. ఇందాక లేని కోపం ఇప్పుడు వచ్చింది.

"ఎక్కడా లేదు. పట్టుకుపోయింది! పొమ్మన్నానని కచ్చతో కాగితం మాయం చేసింది. ఇన్నాళ్లూ పాముకి పాలు పోశాను జాన్‌బాబూ. చిట్టిబాబు ఎప్పట్నుంచో పిలుస్తున్నాడుగా, అక్కడికే పోద్ది, ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా ఆ పిల్ల సంగతి. గవర్నరుపేటలో ఒక్కడు దాన్ని గుమ్మం ఎక్కనిస్తే చూస్తా!"

నంబరు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

ఆపాలి అనుకుంది సంపూర్ణమ్మ. ఇప్పుడు నోరు విప్పితే ఆ లాక్ పోతుంది, ఇరవై రెండేళ్ల పని పోతుంది, నువ్వు ఉన్నావు కాబట్టి సరిపోయింది అన్న ఆ ఒక్క మాటా పోతుంది. విప్పకపోతే ఉషకు ఊళ్లో ఎక్కడా కుర్చీ లేకుండా పోతుంది. అప్పుడు మాత్రం ఆ పిల్ల తనకంటే ఏ విధంగానూ ఎక్కువ కాదు. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా ఆలోచన పోలేదు.

తలుపు తోసుకుని తిరుపతిరావు గారు వచ్చారు. కార్డ్‌లెస్ ఫోన్ చెవి దగ్గరే ఉంది. అవతల మోగుతున్న చప్పుడు ఆమెకు కూడా వినిపిస్తోంది.

"సంపూర్ణమ్మా, వెళ్లేముందు ఆ పిల్ల ఇక్కడికి వచ్చిందిగా. నీ చేతికేమన్నా ఇచ్చిందా?"

బల్ల మీద రుమాలు ఉంది. దాంట్లో లాక్ ఉంది. నడుం దగ్గర కాగితం ఉంది. సంపూర్ణమ్మ కళ్లముందు నిన్నటి తెర మళ్లీ నిలబడింది. ఇప్పుడు, తర్వాత. మూడో మీట కోసం ఆమె నిజంగానే వెతుక్కుంది.

ఫోన్లో అవతల ఎవరో ఎత్తి, "హలో, చిట్టిబాబుని" అన్నారు.

సంపూర్ణమ్మ స్టిక్ కింద పెట్టింది. సీసం మసి అంటిన చెయ్యి కుచ్చెళ్ల దగ్గరికి వెళ్లింది.

"బాబుగారూ," అంది, "ముందు ఆ ఫోన్ పెట్టేయండి."